చేతులు శుభ్రం చేసుకోవాలని అందరికీ తెలుసు, మరి వార్డులో ఎందుకు జరగడం లేదు?

కిందటి సంచికలో ఆసుపత్రి సిబ్బంది చేతుల శుభ్రత గురించి రాశాక నర్సులు, డాక్టర్లు, రోగుల ఇంటివాళ్లు చాలామంది ఉత్తరాలు పంపారు. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబిస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు, ఆసుపత్రుల వివరాలు తీసేశాం.

ప్రశ్న: మేడమ్, నేను సర్జరీ వార్డులో ఇన్‌చార్జ్ సిస్టర్‌ని. చేతుల శుభ్రత మీద క్లాసులు పెట్టాం, గోడల నిండా పోస్టర్లు అంటించాం. ఎప్పుడెప్పుడు చేతులు శుభ్రం చేసుకోవాలో అడిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలూ అందరూ గడగడా అప్పజెబుతారు. తీరా పనిలో దిగాక సగం మంది కూడా చెయ్యడం లేదు. గట్టిగా అంటే ముఖాలు మాడ్చుకుంటున్నారు. ఇంకేం చెయ్యాలి?

జవాబు: సిస్టర్, అందరికీ తెలుసని మీరే రాశారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. తెలిసినవాళ్లకు మళ్లీ క్లాసు పెడితే ఒరిగేదేమీ ఉండదు. మీ వాళ్లు బద్ధకస్తులని నేను అనుకోను, రోగుల మీద దయ లేనివాళ్లని అసలే అనుకోను. పని చేసే చోట ఏర్పాటు ఎలా ఉందో ముందు చూడాలి.

ఒక లెక్క వేసి చూడండి. తీరిక లేని వార్డులో ఒక నర్సుకు గంటలో 20 సార్లు చేతులు శుభ్రం చేసుకోవాల్సి వస్తుందనుకుందాం, ఐసీయూలో అయితే ఇంకా ఎక్కువే. సబ్బూ నీళ్లతో పద్ధతిగా కడిగి తుడుచుకోవడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది, సింకు దాకా వెళ్లి రావడం అదనం. అంటే గంటలో 20 నిమిషాల దాకా చేతులు కడగడానికే పోతుంది. ఇంజెక్షన్లు ఎవరిస్తారు, డ్రెస్సింగులు ఎవరు మారుస్తారు, పక్క బెడ్ ఆవిడ పిలిస్తే ఎవరు పలుకుతారు? చెయ్యలేనంత పని చెప్పినప్పుడు ఎంత మంచివాళ్లయినా ఎక్కడో ఒకచోట వదిలేస్తారు. ఆల్కహాల్ హ్యాండ్ రబ్, అంటే చేతులకు రుద్దుకునే శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు చాలు, నీళ్లు అక్కర్లేదు, తువ్వాలు అక్కర్లేదు, రోగిని పలకరిస్తూనే రుద్దుకోవచ్చు. కాబట్టి రేపు డ్యూటీకి వెళ్లగానే ప్రతి బెడ్ పక్కనా నిలబడి, అడుగు కదపకుండా చెయ్యి చాపి చూడండి. సీసా చేతికి అందిందా? అందని బెడ్లు ఎన్నో రాసుకోండి, మీ మొదటి పని ఆ కాగితమే. గుమ్మం దగ్గర ఒక డిస్పెన్సర్ బిగించి వార్డంతటికీ అదే అనుకుంటే రోగిని తాకే ముందు ఎవరూ గుమ్మం దాకా వెనక్కి నడవరు.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. స్విట్జర్లాండ్‌లోని జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రుల్లో డిడియే పిట్టే అనే డాక్టరూ ఆయన బృందమూ సరిగ్గా ఈ పనే చేశారు. బెడ్ల దగ్గర హ్యాండ్ రబ్ సీసాలు పెట్టారు, జేబులో పెట్టుకునే చిన్న సీసాలిచ్చారు, పోస్టర్లు సిబ్బంది చేతే తయారు చేయించారు, మధ్యమధ్యలో లెక్క చూసి ఎలా ఉందో వాళ్లకే చెప్పారు. 1994లో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో 48 శాతంలోనే ఆ పని జరిగేది, 1997 నాటికి అది 66కి చేరింది. 1994 నుంచి 1998 మధ్య ఆసుపత్రిలో ఉండగా ఇన్ఫెక్షన్ తగిలిన రోగులు దాదాపు 17 శాతం నుంచి 10 శాతానికి తగ్గారు. వందకు వంద కాలేదన్నది గమనించండి, అయినా అంతమంది రోగులు బయటపడ్డారు. మీ వార్డులో సగం ఉన్నది మూడింట రెండు వంతులైనా అది చిన్న విషయమేమీ కాదు.

అయితే ఆ కథలో ఇంకో ముక్క కూడా ఉంది, అది చాలామంది చెప్పరు. అక్కడ మెరుగుపడింది నర్సులూ వాళ్ల సహాయకులూ. డాక్టర్లలో పెద్దగా మార్పు రాలేదు. మీకిది కొత్త సంగతి కాకపోవచ్చు. రౌండ్స్‌లో ముందు నడిచే పెద్ద డాక్టరు చేతులు శుభ్రం చేసుకోకుండా రోగి పొట్ట నొక్కి చూస్తే, వెనక ఉన్న జూనియర్లూ నర్సులూ కూడా చేసుకోరు. ఆయన్ని దాటి సీసా అందుకోవడమే ఆయన్ని తప్పుపట్టినట్టు అవుతుందేమోనని వాళ్ల టెన్షన్. అందుకే మీ కష్టమంతా నర్సుల మీదే పెట్టకండి. మీ యూనిట్ చీఫ్‌ని ఒంటరిగా కలిసి, రౌండ్ మొదలుపెట్టే ముందు అందరి ఎదుటా మీరు ముందు రాసుకోండి సార్, మిగతావాళ్లు మీ వెనకే చేస్తారు అని అడగండి. విమర్శించినట్టు కాకుండా సాయం కోరినట్టు అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

పోస్టర్ల గురించి కూడా ఒక మాట. ఒక ఆసుపత్రిలో డిస్పెన్సర్ల దగ్గర రెండు రకాల బోర్డులు పెట్టి చూసిన అధ్యయనం 2011లో వచ్చింది. కొన్నిచోట్ల ‘చేతుల శుభ్రత మీకు జబ్బులు రాకుండా కాపాడుతుంది’ అని రాశారు, కొన్నిచోట్ల ‘రోగులకు జబ్బులు రాకుండా కాపాడుతుంది’ అని రాశారు. రోగుల గురించి రాసినచోట సబ్బూ జెల్లూ ఎక్కువ ఖర్చయ్యాయి, మీకు అని రాసిన బోర్డు వల్ల పెద్దగా ఏమీ మారలేదు. నాకు ఈ ఫలితం చాలా నచ్చింది, మన వాళ్ల మనసు ఎక్కడుందో అది చూపిస్తోంది. భయపెట్టే పోస్టర్లు తీసేసి, ఇది రోగుల కోసమని రాయండి.

ఇక ఖాళీ సీసాలు. ఇంత చేసి, రాత్రి డ్యూటీలో నొక్కితే గాలి వస్తే ఆ నర్సు ఇక ఆ సీసా వైపు చూడదు. ప్రతి షిఫ్టులో నింపే బాధ్యత ఒక్కరి పేరు మీద రాయండి, ‘అందరూ చూసుకోవాలి’ అని మాత్రం వదిలెయ్యకండి.

ప్రశ్న: నేను జూనియర్ డాక్టర్‌ని. ఎలాగూ గ్లౌజులు వేసుకుంటున్నాం కదా, మళ్లీ ముందూ వెనకా చేతులు శుభ్రం చేసుకోవడం దేనికి? రెండూ చేస్తే టైమ్ వృథా అనిపిస్తోంది.

జవాబు: బాబూ, ముందు ఒక సంగతి అర్థం చేసుకో. గ్లౌజులు వేసుకున్న చేతికి, అది మురికి కాలేదన్న భావన వస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. గ్లౌజులతో డ్రెస్సింగ్ విప్పుతావు, అవే గ్లౌజులతో కర్టెన్ లాగుతావు, మానిటర్ బటన్ నొక్కుతావు, కేస్ షీట్ తిప్పుతావు, జేబులో ఫోన్ మోగితే తీస్తావు. నీ చెయ్యి గ్లౌజు లోపల శుభ్రంగానే ఉంది, గ్లౌజు మీదున్నది మాత్రం వార్డంతా పాకింది.

పైగా గ్లౌజుల్లో కంటికి కనబడని రంధ్రాలుంటాయి, విప్పేటప్పుడు బయటి మురికి చేతికి అంటుతుంది. అందుకే విప్పగానే చేతులు శుభ్రం చేసుకోవాలి. వేసుకునే ముందు ఎందుకంటే, మురికి చేత్తో పెట్టెలోంచి గ్లౌజు లాగితే నువ్వు తీసుకునేదీ దాని కింద ఉన్నవీ కూడా అంటుపడతాయి. గ్లౌజుల మీదే శానిటైజర్ రాసుకుని ఇంకో బెడ్‌కి వెళ్లేవాళ్లున్నారు, మామూలుగా వాడే గ్లౌజులు అందుకోసం తయారు చేసినవి కావు, ఆ అలవాటు చేసుకోకు.

ఐదు సందర్భాలు నీకు తెలిసే ఉంటాయి. రోగిని తాకే ముందు, శుభ్రంగా చెయ్యాల్సిన ప్రొసీజర్‌కి ముందు, రక్తంలాంటి శరీర ద్రవాలు తగిలే అవకాశం ఉన్న పని అయ్యాక, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువులను తాకాక. వీటిలో నీలాంటి కుర్ర డాక్టర్ల దగ్గర తరచూ జారిపోయేది రెండోది. బెడ్ దగ్గరికి రాగానే చేతులు శుభ్రం చేసుకుంటావు, బాగానే ఉంది. తర్వాత కుర్చీ జరుపుతావు, లైటు వేస్తావు, రోగి చొక్కా చెయ్యి పైకి మడుస్తావు, టూర్నికే కట్టి నరం వెతుకుతావు, అప్పుడు కాన్యులా (మందులు ఎక్కించే సన్నని గొట్టం) గుచ్చుతావు. మొదట చేసుకున్న శుభ్రం గుచ్చే వేళకి ఎప్పుడో పోయింది. సామానంతా సర్దుకున్నాక, నరం దొరికాక, సరిగ్గా గ్లౌజులు తొడిగే ముందు ఒకసారి రుద్దుకో. మిగతావి ఎంత ముఖ్యమైనా, సూది నేరుగా రక్తంలోకి తీసుకెళ్లే సూక్ష్మజీవిని ఆపే చోటు ఇదొక్కటే. నరం మీద స్పిరిట్ రాశాక మళ్లీ వేలు పెట్టి తడమకు.

ప్రశ్న: హ్యాండ్ రబ్ రాసుకుంటే నా చేతులు మండిపోతున్నాయి, వేళ్ల మధ్య పగుళ్లు వచ్చాయి. అందుకే సబ్బుతోనే కడుక్కుంటున్నాను, అయినా తగ్గడం లేదు. డ్యూటీకి వెళ్లాలంటేనే బాధగా ఉంది. – ఐసీయూ స్టాఫ్ నర్స్

జవాబు: అమ్మా, మీరు పడుతున్న బాధ చాలామంది పడుతున్నారు, పైకి చెప్పరు. చేతులు శుభ్రం చేసుకోవడం తగ్గడానికి ఇది చాలా పెద్ద కారణం, దీన్ని నాజూకుతనం కింద కొట్టిపారేసే ఇన్‌చార్జ్‌లు ఒక్కసారి పగిలిన చేతికి ఆల్కహాల్ రాసుకుని చూడాలి.

మండుతోందంటే చర్మం అప్పటికే దెబ్బతిని ఉందని అర్థం. అంత దెబ్బతీసేది ఎక్కువసార్లు సబ్బే, చర్మం మీదుండే సహజమైన జిడ్డును అది కడిగేస్తుంది. మండింది కాబట్టి తప్పంతా ఆల్కహాల్‌దే అనుకుని మళ్లీ సబ్బు దగ్గరికే వెళతారు, చర్మం ఇంకా ఎండిపోతుంది, ఈసారి ఆల్కహాల్ ఇంకా మండుతుంది. మంచి హ్యాండ్ రబ్‌లో చర్మాన్ని కాపాడటానికి గ్లిజరిన్‌లాంటిది కలుపుతారు, అందుకే బాగున్న చర్మానికి సబ్బు కన్నా అదే మేలు.

ఇప్పుడు పగుళ్లున్నాయి కాబట్టి ముందు ఆసుపత్రి వైద్యుడికో చర్మం డాక్టరుకో చూపించండి, పగుళ్లలో సూక్ష్మజీవులు గూడు కట్టుకుంటాయి, అది మీకూ రోగులకూ మంచిది కాదు. మానేదాకా పని మార్చమని అడగడంలో తప్పేమీ లేదు. ఆ తర్వాత, చేతులు కంటికి కనబడేలా మురికైనప్పుడో టాయిలెట్‌కి వెళ్లొచ్చినప్పుడో సబ్బు వాడండి, మిగతా సమయంలో హ్యాండ్ రబ్. ఒకదాని వెంటనే ఒకటి రెండూ చెయ్యకండి, చాలామంది అదనపు రక్షణ అనుకుని ఇలాగే చేతులు పాడుచేసుకుంటున్నారు. వేడి నీళ్లు వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. తడి చేతులకు గ్లౌజులు వెయ్యకండి. డ్యూటీ అయ్యాకా, పడుకునే ముందూ క్రీము రాయండి. డ్యూటీలో రాసుకునేది మాత్రం మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును అడిగి తీసుకోండి, కొన్ని జిడ్డు క్రీములు రబ్బరు గ్లౌజులను బలహీనపరుస్తాయి.

కొనే బాధ్యత ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మనవి. కొత్త హ్యాండ్ రబ్ తెప్పించే ముందు రెండు మూడు రకాలు వార్డులో కొన్నాళ్లు వాడనిచ్చి, జిగురుగా ఉందా, వాసన భరించగలుగుతున్నారా, చేతులు ఎండుతున్నాయా అని వాడేవాళ్లనే అడగండి. చవకగా వచ్చిందని తెచ్చినది డిస్పెన్సర్లోనే మిగిలిపోతే డబ్బు కలిసొచ్చినట్టు కాదు.

ప్రశ్న: మా నాన్నగారు ఐసీయూలో ఉన్నారు. ఒక డాక్టరుగారు పక్క బెడ్ పేషెంటును చూసి నేరుగా నాన్నగారి దగ్గరికి వచ్చి పరీక్ష చేశారు. చేతులు శుభ్రం చేసుకున్నారా అని అడగాలనిపించింది కానీ నోరు రాలేదు. కోపం వచ్చి నాన్నగారిని సరిగ్గా చూడరేమోనని భయం. అడగొచ్చా?

జవాబు: అడగొచ్చమ్మా, మీకు ఆ హక్కుంది. మీ భయం కూడా నాకు అర్థమవుతోంది, ప్రాణం వాళ్ల చేతిలో ఉన్నప్పుడు వాళ్లనే ప్రశ్నించడం అంత తేలిక కాదు. ‘డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి, నాన్నకి ఇంకో ఇన్ఫెక్షన్ వస్తుందేమోనని మాకు చాలా భయంగా ఉంది, ఒక్కసారి చేతులకు శానిటైజర్ రాసుకుని చూస్తారా’ అని, మీ భయం చెప్పి అడగండి. కడుక్కున్నారా అని అడిగితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, ఇలా అడిగితే చెయ్యి సీసా వైపు వెళుతుంది. అప్పటికీ నోరు రాకపోతే ఇన్‌చార్జ్ సిస్టర్‌కి విడిగా చెప్పండి.

మీరు కూడా నాన్నగారిని తాకే ముందూ, బయటికి వచ్చేటప్పుడూ చేతులు శుభ్రం చేసుకోండి. యూరిన్ బ్యాగు, మెడ దగ్గర లైన్లు సర్దాలనిపించినా ముట్టుకోకుండా నర్సును పిలవండి.

డాక్టర్లకు కూడా ఇక్కడే చెబుతున్నాను. రోగి కూతురు ఇంత భయపడుతూ అడగాల్సిన అవసరమే రాకూడదు. రోగికి కనబడేలా, అతని ఎదుటే చేతులు రుద్దుకోండి. ఎవరైనా అడిగితే ‘మంచిది, గుర్తుచేశారు’ అని ఆ పని చెయ్యండి, మీ గౌరవం ఏమీ తగ్గదు. రోగులు అడగాలి అని బోర్డు పెట్టి ఈ భారం వాళ్ల మీదకు నెట్టే ఆసుపత్రులు, అడిగితే ఎలా మాట్లాడాలో ముందు తమ సిబ్బందికి నేర్పాలి.

ప్రశ్న: విరేచనాల రోగుల దగ్గర కూడా శానిటైజర్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. విరేచనాలు తెచ్చే సీ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొరతో ఉండే విత్తనాల్లాంటివి) ఆల్కహాల్‌కి చావవు, సబ్బూ నీళ్లతో రుద్ది కడిగితే పోతాయి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద కూడా ఆల్కహాల్ అంత బాగా పనిచెయ్యదు. అలాంటి రోగి దగ్గర గ్లౌజులు వేసుకుని పని చేసి, విప్పాక సింకు దగ్గరికి వెళ్లాల్సిందే. చేతికి రక్తమో మలమో కనబడుతున్నా అంతే.

ప్రశ్న: ఇంత హడావుడి అవసరమా? మేం ఏళ్లుగా పని చేస్తున్నాం. ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్స్ ఉన్నాయి. ఫలానా డాక్టరు చేతి వల్లే వచ్చిందని ఎవరు నిరూపించగలరు? – ఒక సీనియర్ డాక్టర్

జవాబు: డాక్టరుగారూ, ఫలానా చేతి వల్ల అని ఒక్కో రోగి విషయంలో చెప్పడం కష్టమే, అది మీరన్నట్టే ఉంది. ఇన్ఫెక్షన్ కనబడేది మీరు తాకిన కొన్ని రోజులకు, ఆలోపు ఆ రోగిని పదిమంది తాకి ఉంటారు. తన చేతి వల్ల జరిగిన నష్టం ఎవరికీ కనబడదు, అందుకే అనుభవం ఎంతున్నా ఈ ఒక్క విషయంలో అది మనకు పాఠం చెప్పదు. అందరి రోగుల లెక్కా కలిపి చూస్తేనే తెలుస్తుంది.

అలా లెక్క చూసినవాడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో, శవపరీక్షలు చేసి నేరుగా కాన్పులకు వచ్చే డాక్టర్ల వార్డులో ఏప్రిల్ నెలలో బాలింతల మరణాలు 18 శాతం దాకా ఉన్నాయి. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడగాలని ఆయన మే నెలలో నియమం పెట్టాడు. జూన్‌లో అది 2 శాతం దగ్గరికి పడిపోయింది. అయినా తోటి డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు, తమ చేతులు చంపుతాయన్న మాట వాళ్లకు మింగుడుపడలేదు. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. ఆ నొప్పి ఈ రోజుకీ అలాగే ఉందని మాత్రం మీ ఉత్తరం చదివితే అనిపించింది.

యాంటీబయాటిక్స్ ఉన్నాయన్నారు. ఆసుపత్రిలో చేతుల మీదుగా తిరిగే సూక్ష్మజీవుల్లో చాలావాటికి ఆ మందులే పనిచెయ్యడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, స్వల్పకాలిక చికిత్స చేసే (అక్యూట్ కేర్) ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో 7గురికి, తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో 15 మందికి ఆసుపత్రిలోనే ఇన్ఫెక్షన్ తగులుతోంది. వాళ్లలో సగటున పదిమందికి ఒకరు చనిపోతున్నారు. మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, అందుకే అడుగుతున్నాను, మీ యూనిట్ లెక్క ఒకసారి మీరే తెప్పించుకుని చూడండి.

ప్రశ్న: మా ఆసుపత్రి ఆడిట్‌లో చేతుల శుభ్రత 95 శాతం వస్తోంది. ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది? – క్వాలిటీ విభాగం నుంచి

జవాబు: ఆ 95ని ముందు అనుమానించండి. పుస్తకం పట్టుకుని వార్డులో ఎవరైనా నిలబడితే అందరి చేతులూ సీసా వైపు వెళ్తాయి, అది మానవ సహజం, చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు. పగటిపూట, తెలిసిన మనిషి, చెప్పి వచ్చే టైమ్, పైగా తన వార్డును తనే లెక్క పెట్టుకోవడం, ఇవన్నీ కలిస్తే 95 రాక ఏం వస్తుంది? రాత్రిళ్లూ ఆదివారాలూ చూడండి, ఒక వార్డు వాళ్లను ఇంకో వార్డుకి పంపండి. ఏ సందర్భంలో తప్పిపోతోందో విడివిడిగా రాయించండి. రోగిని తాకాక బాగా చేసి, తాకే ముందు చెయ్యకపోతే, సిబ్బంది తమను తాము కాపాడుకుంటున్నారని అర్థం, రోగికి ఆ మేలు అందడం లేదు. మొత్తం శాతం మాత్రమే చూస్తే ఇది బయటపడదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది, దానికి ఎవరూ నిలబడి చూడక్కర్లేదు. స్టోర్స్ నుంచి వార్డుకి ఎంత హ్యాండ్ రబ్ వెళ్లిందో తీసుకోండి. వెయ్యి రోగి దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి దినం) కనీసం 20 లీటర్లు ఖర్చు కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే కొలమానం. అంటే ఒక రోగికి రోజుకు 20 మిల్లీలీటర్లు. ఒకసారికి 3 మిల్లీలీటర్లు వేసుకుంటే, 24 గంటల్లో అందరూ కలిసి ఆ రోగి దగ్గర ఆరేడుసార్లు చేతులు శుభ్రం చేసుకున్నట్టు. ఎంత తక్కువో చూడండి! మీ వార్డు ఖర్చు అంత కూడా లేకపోతే ఆ 95 శాతం కాగితం మీదే ఉంది.

అసలు అంకె తగ్గి వస్తే ఎవరినీ శిక్షించకండి. 95 కాస్తా 50 అని తేలిన నెలలో నర్సులకు మెమోలు ఇస్తే, తర్వాతి నెల మళ్లీ 95 వస్తుంది, ఈసారి దాన్ని సరిచేసే దారి కూడా మూసుకుపోతుంది. నిజం చెప్పిన వార్డుకి ఏం కావాలో అడగండి, సీసాలా, మనుషులా, సింకు రిపేరా. ఒక్కో నర్సుకు అప్పజెప్పే బెడ్ల సంఖ్య కూడా ఆ సంభాషణలో ఉండాలి. పని ఒత్తిడి పెరిగేకొద్దీ చేతుల శుభ్రత తగ్గుతుందని అధ్యయనాలు మళ్లీ మళ్లీ చూపించాయి.

ప్రశ్న: అమ్మా, నేను వార్డులో ఆయాను. బెడ్‌పాన్లు తీస్తాను, దుప్పట్లు మారుస్తాను, పేషెంట్లను స్కానింగుకి తీసుకెళ్తాను. చేతుల క్లాసులు నర్సులకే పెడతారు, మమ్మల్ని పిలవరు. శానిటైజర్ వాడితే అయిపోతోందని ఒకసారి కసిరారు. మేం ఎప్పుడెప్పుడు చేసుకోవాలి?

జవాబు: మిమ్మల్ని కసరడం తప్పు తల్లీ. రోగిని తాకే ప్రతి మనిషికీ అది హక్కే. మీ ఉత్తరం చదివి నాకు చాలా బాధేసింది. ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి రోజంతా తిరిగేది మీరే, మిమ్మల్ని వదిలేసి వార్డు శుభ్రంగా ఉండాలంటే ఎలా కుదురుతుంది?

బెడ్‌పాన్ తీశాక గ్లౌజులు విప్పి సబ్బూ నీళ్లతో కడుక్కోండి. దుప్పటి మార్చాక, రోగి మంచమూ బల్లా తుడిచాక చేతులు శుభ్రం చేసుకున్నాకే ఇంకో మంచం దగ్గరికి వెళ్లండి, రోగిని ముట్టుకోకపోయినా సరే, సూక్ష్మజీవులు మంచం కమ్మీల మీద రోజుల తరబడి బతుకుతాయి. రోగిని వీల్‌చైర్‌లోకి ఎక్కించే ముందు ఒకసారి, స్కానింగ్ దగ్గర దింపాక ఒకసారి. దారిలో లిఫ్టు బటన్లూ తలుపులూ ముట్టుకుంటారు కదా, దింపడానికి చెయ్యి వేసే ముందు కూడా రాసుకోండి.

రాసుకునేటప్పుడు అరచేయి నిండేంత తీసుకోవాలి, రెండు చుక్కలు చాలవు. బొటనవేళ్లు, వేళ్ల చివరలు, వేళ్ల మధ్య సందులు చాలామంది వదిలేస్తారు. వేళ్ల చివరలను ఎదుటి అరచేతిలో గుండ్రంగా తిప్పండి, బొటనవేలిని పిడికిట్లో పట్టుకుని తిప్పండి, పూర్తిగా ఆరేదాకా రుద్దండి, తడి మీద దేన్నీ తాకకండి. గోళ్లు పొట్టిగా ఉంచుకోండి, డ్యూటీలో ఉంగరాలు తీసెయ్యండి.

ఈ పత్రిక మీ ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చూపించి, తర్వాతి క్లాసుకి మీ ఆయాలనూ వార్డ్ బాయ్‌లనూ పిలవమని అడగండి. క్లాసు మీ డ్యూటీ టైమ్‌లోనే పెట్టమనండి, డ్యూటీ దిగాక అంటే ఇంటికి వెళ్లాల్సినవాళ్లు రాలేరు.